పసుపెక్కిన చేప

లోకెరెన్, 8 మార్చి 1993, సోమవారం

నా చేప మీద నువ్వు పసుపు వార్నిష్ పూశావు.

పదకొండు నెలలు పట్టింది మామయ్యా ఓమెర్ మోటారుసైకిలు ట్యాంకు. పగలంతా ఫిర్మిన్ షెడ్డులో లారీలకు రంగు కొట్టి, సాయంత్రాలూ ఆదివారాలూ దాని ముందు కూర్చున్నాను. ముందు ఇనుము మీద బొమ్మంతా బూడిదరంగులో వేశాను. అది ఎండాక ఒక్కో రంగూ పల్చగా, కింది పొర కనపడేంత పల్చగా, పద్నాలుగు పొరలు. ఒకటి ఆరందే ఇంకోటి వెయ్యలేదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. గెంట్ మ్యూజియంలో పాత బొమ్మల ముందు నిలబడి, "అమ్మాయీ, తాడు దాటి ముక్కు పెట్టకు" అని కాపలావాడు తిట్టేదాకా చూసి నేర్చుకున్నాను.

నా గది బేకరీ మీద ఉంది. పిండి ఎగిరి తడి రంగుకు అంటుకుంటుందని, ఆగస్టులో ఆఖరి పొర వేశాక తెచ్చి నీ మేడగది కిటికీ దగ్గర పెట్టాను. "మార్చిలో తీసుకెళ్తాను, ముట్టుకోకు" అన్నాను. నేను నిన్ను అడిగింది అంతే. నిన్న వస్తే నువ్వు ఇంట్లో లేవు. జెర్మేన్ అత్తయ్య దుప్పటి చుట్టినదాన్ని అలాగే చేతికిచ్చింది. ఇక్కడికొచ్చి విప్పాను.

కాడ్ చేప పొట్ట ముసలివాడి పళ్లలా ఉంది. పింగాణీ పళ్లెం వెన్నముద్దలా ఉంది. గాజుగ్లాసు మీద మెరుపు పోయి, జలుబు చేసిన ముక్కులా ఉంది. ఓమెర్ చేపలు అమ్మేవాడు మామయ్యా. ఓస్టెండ్‌లో పొద్దున్నే "తాజా, తాజా" అని అరిచి బతికే మనిషి. మూడు వారాల నాటి చేపను మోకాళ్ల మధ్య పెట్టుకుని మే రెండున మోటారుసైకిళ్ల దీవెనకు వెళ్లమంటావా? ఫాదర్ నీళ్లు చల్లేలోపే ఊళ్లో పిల్లులన్నీ వెంటపడతాయి.

ఫిర్మిన్ మాట ఇదీ: "దీవెన రోజు ఓమెర్ ఆ ట్యాంకు బిగించుకుని వచ్చాడా, షెడ్డు వెనక మూల నీది. ట్యాంకులే వేసుకో, లారీ ముట్టుకోనక్కర్లేదు. రాలేదా, ఆ మూల మా తమ్ముడి టైర్లకు." రెండోసారి అడిగే మనిషి కాదు అతను.

నలభై ఏళ్లు చెక్కకు పాలరాయి వేషం వేసినవాడివి. దేన్ని చూసినా వార్నిష్ కొట్టకుండా నీ చెయ్యి ఆగదు. ఏ వార్నిష్ అది? దేనితో కరుగుతుంది? శుక్రవారం లోపు రాయి.

సిస్కా


పోపెరింగె, 11 మార్చి, గురువారం

అమ్మాయీ సిస్కా,

నేను బాగానే ఉన్నాను, అడిగినందుకు సంతోషం. మీ అమ్మా ఇంతే. నా చెల్లెలే కదా, తలుపు తట్టడం తెలియదు, తన్నడమే.

నేను వార్నిష్ పూయలేదు. నీ ట్యాంకు మీద కుంచె మాట దేవుడెరుగు, ఊపిరి కూడా వదల్లేదు. సెప్టెంబరులో ఈగలు ఎక్కువయ్యాయి. ఆరని రంగు మీద ఈగ వాలితే ఏమవుతుందో నీకు చెప్పాలా? అందుకని గుడ్డ చుట్టి, బీరుకు వాడే హాప్ పూలు ఎండబెట్టే కొట్టుకు తీసుకెళ్లి, అక్కడి గోడ అలమరలో పెట్టి తలుపు వేశాను. వెచ్చగా ఉంటుంది, దుమ్ము ఉండదు. మా నాన్న అందులో పందిమాంసం వేలాడదీసేవాడు, ఒక్క ఏడూ చెడలేదు.

చెక్కకు పాలరాయి వేషం అన్నావు. నేను వేసిన స్తంభం మీద బిషప్పు చెయ్యి ఆనించి "ఎంత చల్లగా ఉందో" అన్నాడు. అది దేవదారు చెక్క. నువ్వు ఇనుము మీద చేపను వేసి కుళ్లిందని ఏడుస్తున్నావు. ఇద్దరిలో పనిమంతులెవరో బిషప్పునే అడుగు.

ఈ వారం హాప్ మొలకలు వచ్చాయి. మీ అత్తయ్య వెన్నలో వేయించి పైన గుడ్డు పెట్టింది. నువ్వు ఆదివారం రెండు నిమిషాలు కూర్చుని ఉంటే తినేదానివి. దుప్పటి లాక్కుని బస్సుకు పరిగెత్తావట.

నిజంగానే పసుపెక్కిందా? అంతటా ఒకేలాగానా, తెలుపు ఉన్నచోటేనా? అది రాయి. తిట్లు తర్వాత కూడా రాయొచ్చు.

ఒడిలోన్ మామయ్య


లోకెరెన్, 13 మార్చి, శనివారం

అబద్ధం ఆడావు. సాక్ష్యం ఈ కవరులోనే ఉంది. విప్పి చూడు.

నా దగ్గరున్న పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. పాత బొమ్మ మీద వార్నిష్ ఉందో లేదో తెలియాలంటే, ఎవరూ చూడని చిన్న చోటు ఎంచుకుని, స్పిరిట్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడవాలి. దూదికి పసుపు అంటితే వార్నిష్ ఉన్నట్టే. నేను సగం తొక్క తీసిన నిమ్మకాయను ఎంచుకున్నాను. అది పెట్రోలు మూత పక్కన ఉంటుంది. పొరపాటున కాస్త చెడినా ఓమెర్ మోకాలు అడ్డొస్తుంది. తుడిచాను. దూది ఎంత పసుపో చూడు. ఇంకోసారి తుడిచాను, ఇంకా వచ్చింది. తుడిచినకొద్దీ వస్తూనే ఉంది. ఇప్పుడక్కడ బూడిదరంగు తేలింది. అంత మందంగా పూశావన్నమాట.

ఫిర్మిన్ వెనక నిలబడి చూసి, "పెళ్లికూతురి మొహం కడుగుతున్నావా, పెనం తోముతున్నావా?" అన్నాడు. నవ్వు రాలేదు.

నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను: తెలుపు ఉన్నచోటే పసుపెక్కింది. వెనకాల నలుపు మారలేదు. ఎర్ర గుడ్డ మారలేదు. అది నాకూ వింతగానే ఉంది. ఎవరైనా వార్నిష్ అంతటా పూస్తారు గానీ ఏరి ఏరి తెల్లటి చోట్ల పూస్తారా? నువ్వు అలా ఎందుకు చేశావో ఎంత ఆలోచించినా తట్టడం లేదు.

బుధవారం పని అయ్యాక చేప పొట్ట మీద మొదలుపెడతాను. ఈలోపు వార్నిష్ పేరు చెప్పావా సరే. లేకపోతే ఇంకా ఘాటు స్పిరిట్ వాడతాను.

సిస్కా


పోపెరింగె, 16 మార్చి, మంగళవారం

సిస్కా, ముందు స్పిరిట్ సీసాకు మూత పెట్టు. పెట్టాకే మిగతాది చదువు.

ఈ ఉత్తరం రేపటికి అందుతుందో లేదోనని, బారులోంచి మీ కింద బేకరీకి ఫోన్ కూడా చేశాను. "పైన అమ్మాయిని చేపను ముట్టుకోవద్దన్నానని చెప్పండి" అంటే, ఆవిడ "ఉపవాసాల రోజుల్లో మాంసం ఎలాగూ లేదు, చేప కూడా తినొద్దంటే ఇంకేం తింటుందండీ పిల్ల?" అంది. వివరించేలోపు నాణేలు అయిపోయాయి. ఆవిడ నీకేం చెప్పిందో ఏమో.

నీ దూది వాసన చూశాను. నాలుక మీద కూడా పెట్టుకున్నాను. మీ అత్తయ్య "ఆ పిల్లకు పిచ్చి, మీకు దానికంటే ముదురు" అంది. వార్నిష్ అయితే వేళ్లకు జిగురు తగలాలి, వెచ్చబెడితే పైన్ చెట్ల వాసన రావాలి. ఇందులో అదేమీ లేదు. అవిసె నూనె, పసుపు రంగు, అంతే. మంచి రంగు, బాగా నూరావు. ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతాను, కోపం తెచ్చుకోకు.

నువ్వు తుడిచింది నిమ్మకాయను. నిమ్మకాయ ఏ రంగులో ఉంటుందే?

నేను నవ్వడం లేదు. మీ అత్తయ్య నవ్వింది.

పసుపు సంగతి విను. ఇళ్లకు రంగులేసే ప్రతివాడికీ ఇది తెలుసు. అలమర తలుపుకు లోపలా బయటా ఒకే డబ్బాలోని తెలుపు వేస్తాం. ఏడాది తిరిగేసరికి బయటివైపు తెల్లగానే ఉంటుంది, లోపలివైపు పసుపెక్కుతుంది. ఇంటావిడ వచ్చి "అందులో ఏం కలిపావయ్యా?" అని చెయ్యి నడుముకు పెట్టుకుని నిలబడుతుంది. ఏమీ కలపం. అవిసె నూనెకు చీకటి పడదు. వెచ్చటి చీకటైతే అసలు పడదు. నలుపులో ఎరుపులో అది కనపడదు, తెలుపులో దాగదు. మేం ఆ తలుపు ఊడదీసి పెరట్లో ఎండకు ఆనించేవాళ్లం. రెండు మూడు వారాలకు దానంతట అదే తెల్లబడేది. నీ పుస్తకాల్లో ఇది లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. పుస్తకాలు రాసేవాళ్లు అలమర తలుపులకు రంగు వెయ్యరు.

నన్ను నమ్మమనను. పరీక్ష పెట్టు. చేపకు తోకవైపు సగం నల్ల కాగితం కప్పి కిటికీలో పెట్టు. పది రోజులు ముట్టుకోకు. ఏమైందో నాకు రాయి, నాకూ చూడాలని ఉంది. తలుపుల మీద చూశాను గానీ చేప మీద ఎప్పుడూ చూడలేదు.

చీకట్లో పెట్టింది నేనే, అది నా తప్పే. తెలిసిన సంగతే, ఈగల గొడవలో మర్చిపోయాను.

ఒడిలోన్ మామయ్య


లోకెరెన్, 29 మార్చి, సోమవారం

మామయ్యా,

నువ్వు చెప్పింది నిజం. నిమ్మకాయను చంపింది నేనే. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు పది రోజులు పట్టింది.

కిటికీలో కాదు, షెడ్డు కప్పు మీద దక్షిణం వైపు పెట్టాను. ఫిర్మిన్ నిచ్చెన పట్టుకుని "లారీలకు కూడా ఇలాగే స్నానం చేయిస్తావా?" అన్నాడు. వానొస్తే దించాను, ఎండొస్తే ఎక్కించాను. నువ్వు తోకవైపు కప్పమన్నావు, నేను తలవైపు కప్పాను. నీ మాట పూర్తిగా వినకూడదని. మూడో రోజే కాగితం ఎత్తి చూడాలనిపించింది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. నిన్నటికి పది రోజులు. కాగితం తీశాను.

తోక తెల్లగా ఉంది. ఆగస్టులో ఉన్నంత కాదు, ముప్పావు వంతు. తల ఇంకా పసుపే. మధ్యలో కాగితం అంచు దగ్గర కత్తితో కోసినట్టు గీత. ఒకే చేప, సగం నిన్నటిది, సగం పోయిన నెలది. గంటసేపు దాన్నే చూశాను. నేను వేసిన రంగు నాకు తెలియకుండా లోపల్లోపల ఇంత పని చేసుకుంటోందని ఊహించలేదు. నీలానికి కూడా ఇలా అవుతుందా? ఆకుపచ్చకు? గుడ్డుసొనతో కలిపిన తెలుపుకు? నీకు తెలిస్తే రాయి.

ఇప్పుడు కాగితం తీసేశాను. ఇరవై రోజుల్లో తల కూడా తేరుకుంటుంది. చేపకు భయం లేదు. భయం నిమ్మకాయతో.

నిన్న ఓమెర్ వచ్చాడు. వంగి చూసి, "తోక అమ్ముతాను, తల పిల్లికి" అన్నాడు. తల బాగవుతుందని చెప్పాను. తర్వాత "మరి నిమ్మకాయేది?" అన్నాడు. పోయిందన్నాను.

"ఎక్కడికి పోయింది?"

"తుడిచేశాను."

"నిమ్మకాయ లేకుండా చేప ఎవరు కొంటారమ్మాయ్? మా ఆవిడ ఇరవై ఏళ్లు ప్రతి పళ్లెం పక్కనా ఒకటి పెట్టింది. అది లేకుండా నేను ఆ ట్యాంకు బిగించను" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. అలా అన్నవాడు మాట మార్చడు.

కాబట్టి లెక్క తేలిపోయింది. ఏప్రిల్ 24న ట్యాంకు మీద గట్టి క్లియర్, అదే రంగులేని పైపూత, కొట్టాలి, లేకపోతే మొదటి పెట్రోలు చుక్కకే బొమ్మ పోతుంది. నూనె రంగుతో ఇప్పుడు నిమ్మకాయ వేస్తే నెలల తరబడి ఆరదు. ఆరనిదాని మీద క్లియర్ కొడితే కాచిన పాల మీద మీగడలా ముడుచుకుంటుంది. షెడ్డులో ఉన్న లారీ పసుపుతో ఒకటి కొట్టి చూశాను. ఆ చేప పక్కన ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. చెరిపేశాను.

ఇంకో సంగతి. నీకు తెలుసని రాశావు. నలభై ఏళ్లుగా తెలిసిన విషయం. మా ఇంట్లో పటం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మార్చినా నువ్వే కదా అమ్మకు చెప్పేవాడివి, దాని వెనక గోడ మీద పసుపు మరక తేలుతుందని. అలాంటివాడివి నాలుగు ఈగలను చూసి మర్చిపోయావా? హాప్ కోతలు అయ్యాక మీ ఊళ్లో ఈగలుండవు, నేనూ అక్కడ కోతలకు వచ్చినదాన్నే. దాన్ని చీకట్లో ఎందుకు పెట్టావు?

కోపంతో అడగడం లేదు. కోపం ఉంది, దాని సంగతి వేరు. తెలుసుకోవాలని అడుగుతున్నాను.

సిస్కా


పోపెరింగె, 5 ఏప్రిల్, సోమవారం

సిస్కా,

నీలం ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆకుపచ్చ సంగతి చెప్పలేం, దేనితో నూరావో దాన్నిబట్టి ఉంటుంది. గుడ్డుసొన నేనెప్పుడూ వాడలేదు, గుడ్లు మేం తింటాం. అడిగినవాటిలో సులువైనవి ఇవి.

ఈగలు లేవు.

సెప్టెంబరులో పక్క ఊరి చర్చిలో ఒక స్తంభం వేస్తున్నాను, నల్ల పాలరాయి, తెల్ల నరాలు. నరం అంటే ఒక్క గీత. ఊపిరి బిగబట్టి పైనుంచి కిందికి ఒక్కసారి లాగాలి. లాగితే కుట్టుమిషను కుట్టినట్టు వచ్చింది. తుడిచి మళ్లీ లాగాను, మళ్లీ అంతే. వేసవి నుంచి చెయ్యి వణుకుతోంది. కుర్చీలో కూర్చుని చూసుకుంటే తెలియదు, కుంచె పడితే తెలుస్తుంది. ఫాదర్ వచ్చి చాలాసేపు చూసి, "ఒడిలోన్, ఈసారికి సాదా రంగు వేసేద్దాం, శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. మంచివాడు, మంచిగానే అన్నాడు. సామాన్లు కట్టుకుని వచ్చేశాను.

మేడ ఎక్కితే కిటికీ దగ్గర నీ ట్యాంకు. ఆ గ్లాసు అంచు చూశాను. వెంట్రుకంత గీత, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తడబడలేదు. ఎవరి దగ్గరా నేర్చుకోని పిల్ల, మోటారుసైకిలు మీద.

మర్నాడు పాలు తెచ్చే మనిషి పైకి వచ్చి "ఎవరిదిది?" అన్నాడు. మా మేనకోడలిది అన్నాను, గర్వంగానే అన్నాను. ఆ మర్నాడు హాప్ కొనేవాడు వచ్చి, "ఒడిలోన్, నీ చెయ్యి ఇంకా బంగారమేనయ్యా" అన్నాడు. నాదే అనుకోనిచ్చాను. అతను వెళ్లాక దానివైపు చూడలేకపోయాను. మూడో రోజు గుడ్డ చుట్టి చీకట్లో పెట్టాను. పాడవ్వాలని పెట్టలేదు, కనపడకూడదని పెట్టాను. పసుపెక్కుతుందని తెలుసా అంటే తెలుసు. రెండూ నిజమే. దానికి నువ్వేమన్నా పడతాను.

వణుకు సంగతి మీ అత్తయ్యకు చెప్పలేదు. కాఫీ కప్పులో సగమే పోసుకుంటున్నాను. ఆవిడ అడగలేదు. కానీ ఈ మధ్య కప్పులు పెద్దవి కొంది.

ఇక నిమ్మకాయ. ఇది నీ పుస్తకాల్లో ఉండదు. మామూలు చెక్క మీద ఓక్ కలప గీతలు మేం నూనెతో వెయ్యం, బీరుతో వేస్తాం. చర్చివాళ్లకు ఈ మాట చెప్పం. నిన్న తెరిచి వదిలేసిన బీరు, నురగ చచ్చినది తీసుకో. అందులో పొడి రంగు కలుపు. వేసే చోట ముందు సుద్దపొడి రుద్ది దులుపు, లేకపోతే బాతు వీపు మీద నీళ్లలా జారిపోతుంది. పూస్తే నిమిషంలో ఆరుతుంది. ఒక పొర మీద ఇంకోటి, గంటలో పదైనా వేసుకోవచ్చు, కాకపోతే రెండోసారి రుద్దకూడదు, కిందిది లేస్తుంది. దాని మీద నీ క్లియర్ మొదట మంచులా పల్చగా కొట్టు, తర్వాత మామూలుగా. మా వార్నిష్ కింద బీరు గీతలు యాభై ఏళ్లు కదలకుండా ఉన్నవి చూశాను.

నువ్వే వేసుకో. నా చెయ్యి అడగకు.

ఒడిలోన్


లోకెరెన్, 13 ఏప్రిల్, మంగళవారం

నా చెయ్యి అడగకు అన్నావు. అడుగుతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. బీరు, పొడి రంగు, సుద్దపొడి. ఈస్టరు సెలవులు మూడు రోజులూ పాత లారీ తలుపు మీద నిమ్మకాయలు వేశాను. నలభై ఒకటి. నాది నూనె చెయ్యి మామయ్యా. కుంచె పెడతాను, ఆలోచిస్తాను, మెల్లగా జరుపుతాను. ఆలోచన సగంలో ఉండగానే బీరు ఆరిపోతుంది. అది దాటాను. ఇరవయ్యోదానికి వేగం వచ్చింది, గుండ్రం వచ్చింది, వెలుగూ నీడా వచ్చాయి. తొక్క రాలేదు. చుక్కలు పెడతాను, అన్నీ ఒకదానిలా ఒకటి వస్తాయి. దర్జీవాళ్లు వేలికి తొడుక్కునేదానిలా ఉంటోంది. ఫిర్మిన్ "ఇది నిమ్మకాయా, గోల్ఫు బంతా?" అన్నాడు. నిన్న ఒక నిజం నిమ్మకాయ కొని భూతద్దం పెట్టి చూశాను. ఏ గుంట ఇంకో గుంటలా లేదు. ఒకటి లోతు, ఒకటి వంకర, ఒకటి పక్కదానిలోకి జారి ఉంది. కావాలని అలా వెయ్యబోతే కావాలని వేసినట్టే వస్తోంది.

అప్పుడు నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పరిచాను. నీ అక్షరాల తోకలు చూశాను, ఏ రెండూ ఒకేలా వణకలేదు. అదీ నాకు కావలసింది. పాలరాతి నరానికి నీ చెయ్యి పనికిరాదు, ఒప్పుకుంటాను. తొక్కకు నాది పనికిరాదు, నువ్వూ ఒప్పుకో. జాలిపడి పిలుస్తున్నానని అనుకుంటే ఆ నలభై ఒకటీ వచ్చి చూడు, జాలి ఎవరి మీద పడాలో తెలుస్తుంది.

హాప్ కొనేవాడి సంగతి నాకు ఇంకా మండుతోంది. అలమర సంగతి కంటే ఎక్కువ. అలమరలో పెట్టినదాన్ని ఎండలో పెట్టి తెల్లబరుచుకున్నాను, దీనికి ఎండ లేదు. కాబట్టి ఇలా చేస్తావు. మే రెండున దీవెనకు వస్తావు. ఓమెర్ బండి పక్కన నిలబడతావు. వచ్చిన ప్రతివాడికీ, అడిగినా అడక్కపోయినా, నీ నోటితో చెబుతావు: "చేప మా మేనకోడలిది, నిమ్మకాయ నాది." నీళ్లు చల్లే ఫాదర్‌కు కూడా. హాప్ కొనేవాడికి ముందుగా చెబుతావు, అతన్ని నేనే పిలుస్తున్నాను.

క్లియర్ కొట్టేది ఇరవై నాలుగున. అందుకని ఈ శనివారం, పదిహేడున, పొద్దుటి రైలుకు రా. స్టేషనుకు వస్తాను. కుంచెలు నీవి తెచ్చుకో, బీరు శుక్రవారమే తెరిచి పెడతాను. నువ్వు రాకపోతే అదే రోజు మధ్యాహ్నం ట్యాంకు ఒళ్లో పెట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను. అప్పుడు వంటగదిలో, అత్తయ్య చూస్తుండగా వెయ్యాలి. ఏది కావాలో నువ్వే తేల్చుకో.

వస్తున్నావో లేదో శుక్రవారం టపాలో నాకు అందాలి. ఒక్క మాట చాలు, వంకరగా ఉన్నా ఫర్వాలేదు.

సిస్కా